ఫంగస్ లెన్సూ, టూ ఎక్సూ, భారతీ

నా డ్రోను పైకి లేచిన నలభై సెకన్లకి పెళ్లిపందిరి ఖాళీ అయిపోయింది. పురోహితుడూ, పెళ్లికొడుకూ, పెళ్లికూతురూ, నేనూ మిగిలాం. పెళ్లికూతురు కూడా వెళ్లిపోయేదే గాని, అప్పటికే కొంగుముడి వేసేశారు.

నా పేరు దేవేంద్ర. కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో నాకో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, బారసాలలు, రైసుమిల్లు ప్రారంభోత్సవాలు, పిలిస్తే ఏదైనా తీస్తాను. ఆ మార్గశిరంలో గూళ్లపేట అనే ఊళ్లో పెళ్లి ఒప్పుకున్నాను. బ్యాండు ఉండదనీ, మందుగుండు ఉండదనీ, మైకు కూడా పెట్టరనీ ముందే చెప్పారు. పిసినారి పెళ్లి కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఎందుకని అడగలేదు. అడక్కపోవడం మర్యాద అని చెప్పుకుంటాను గాని, అసలు సంగతి బద్ధకం.

ఏటా వానలు వెనకబట్టే వేళకి ఆ ఊరి చింతచెట్ల మీదకి గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ ఎక్కడెక్కడినుంచో వచ్చి గూళ్లు కట్టుకుని పిల్లల్ని చేస్తాయి. ఊరివాళ్ల లెక్కలో అవి పక్షులు కావు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. పురుడున్న ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు కదా. అందుకని పిల్లలకి రెక్కలొచ్చి అవన్నీ ఎగిరిపోయేదాకా ఊరంతా గొంతు తగ్గించుకునే బతుకుతుంది. పెళ్లయినా అంతే, పోట్లాటయినా అంతే.

ఈ సంగతి నా డ్రోనుకి తెలియదు. అది రయ్యిమని చింతచెట్ల మీదకి పోయింది. అయిదారు వందల పక్షులు ఒక్కసారే లేచాయి. పందిట్లో భోజనాలకి కూర్చున్నవాళ్లు కూడా ఆకులు వదిలేసి చెట్లకేసి పరిగెత్తారు.

అప్పుడొచ్చింది ఆమె. చుడీదారు మీద వెలిసిపోయిన మగవాళ్ల చొక్కా, నెత్తిన టోపీ, చేతిలో చింతకాయలు కోసే దోటి.

"ఫోటోబాబూ, దాన్ని నువ్వు దింపుతావా, నన్ను దింపమంటావా?" అని అడిగింది. గొంతు మాత్రం పెంచలేదు.

"మేడం, దానికి ఇన్సూరెన్సు లేదండి" అన్నాను.

"గుడ్లకీ నేదు" అంది.

దింపేశాను. ఆమె పేరు భారతి అని తరవాత తెలిసింది. ఎమ్మెస్సీ జువాలజీ చదివి, ఫారెస్టువాళ్లకి ఆ చెట్ల మీది పక్షుల్ని లెక్కపెట్టి రాసిచ్చే ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగం అంటే అదేమీ పర్మినెంటు కాదు, పక్షులున్నన్నాళ్లే ఉంటుంది. ఆ రోజు గూళ్లలోంచి రెండు కొంగపిల్లలు కిందపడ్డాయి. ఒకటే బతికింది. ఆ మాట విన్నాక నాకు సరదాలన్నీ పోయాయి. మిగిలిన పెళ్లి తలెత్తకుండా తీశాను.

సాయంత్రం నన్ను భారతి నాయనమ్మ ముందు నిలబెట్టారు. దాలమ్మగారికి ఎనభై దాటాయి. ఊళ్లో పక్షుల తగువులన్నీ ఆవిడే తీరుస్తుంది. జరిమానా ఎంతో చెప్పమని జేబులో చెయ్యి పెట్టాను.

"జరిమానా ఎవులికి గావాల బాబూ? పురిటింట్లో తప్పు సేసినోడు పురుడెల్లేదాకా సాకిరీ సెయ్యాల. అదీ మా ఊరి లెక్క" అంది.

చాకిరీ ఏమిటంటే, కిందపడిన పిల్లల్ని ఊరివాళ్లు గంపల్లో పెట్టి సాకుతారు. వాటి మేతకి ప్రతి ఆదివారం నేనొక బకెట్టు చిన్నచేపలు తేవాలి. అయితే చెట్ల చుట్టూ ఎనభై అడుగుల దూరంలో కొబ్బరితాడు కట్టి ఉంటుంది. పైవాడెవడూ ఆ తాడు దాటకూడదు. నేను తాడు ఇవతల బకెట్టు పెట్టి నిలబడాలి. భారతి వచ్చి పట్టుకెళుతుంది.

మొదటి ఆదివారం "పెట్టు" అంది. రెండో ఆదివారం "పెద్దవి తెచ్చేవు" అంది. మూడో ఆదివారం ఏమీ అనలేదు. నాలుగో ఆదివారానికి నాకు చేపల వాసన అలవాటైంది. అయిదో ఆదివారానికి ఆదివారం కోసం ఎదురుచూడ్డం అలవాటైంది. సోమవారాలు పెళ్లిళ్లకి వెళితే, నా ఎదుట ఫోటోకి నిలబడ్డవాళ్లు ముక్కులు తిప్పుకుని అటు జరిగేవారు. గ్రూపు ఫోటోలు కుదురుగా వచ్చేవి కావు.

ఎనభై అడుగుల దూరంలో ఒక మనిషి కొంగపిల్ల నోట్లో చేప పెడుతోంటే, ఇవతల నిలబడి కళ్లు చిట్లించుకోవడం ఎంతకని? నా పెళ్లిళ్ల లెన్సుకి ఆ దూరం అందదు. అందే లెన్సులు నా స్టూడియోని అమ్మినా రావు. అందుకని చీపురుపల్లి వెళ్లాను. అక్కడ కూర్మయ్యగారని పాతకాలపు ఫోటోగ్రాఫరు ఉన్నారు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక ఆయన స్టూడియో మూసేసి, సామానంతా ఒక ఇనప్పెట్టెలో పడేశారు. ఆ పెట్టెలోంచి నూట ముప్పై అయిదు ఎమ్మెమ్ లెన్సు ఒకటి తీసి చవగ్గా ఇచ్చారు. జపానుదట. లోపల అద్దం మీద సన్నగా సాలెగూడు అల్లినట్టు ఫంగస్ పట్టి ఉంది. దానికి తోడు ఒక పొట్టి గొట్టం కొసరుగా ఇచ్చారు. దాన్నే టెలికన్వర్టరు అంటారు, మా వాడకంలో టూ ఎక్స్. కెమెరాకీ లెన్సుకీ మధ్య దాన్ని బిగిస్తే నూట ముప్పై అయిదు కాస్తా రెండు వందల డెబ్భై అవుతుంది.

"సంబరపడిపోకురా దేవేంద్రా" అన్నారు కూర్మయ్యగారు. "ఇది దూరాన్ని దగ్గర సేస్తాది గాని ఊరికే సెయ్యదు. ఎలుతురు ముప్పాతిక మింగీస్తాది. లెన్సులో ఎంత లోపముంటే అంతా రెండింతలు సేసి సూపిస్తాది."

"కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడగరేం మాస్టారూ?"

"కొనుక్కునేవోడివైతే సీపురుపల్లి ఎందుకొస్తావు?"

ఆ జంటని నా కెమెరాకి ఒక అడాప్టరు రింగుతో తగిలించుకుని ఆదివారం గూళ్లపేట వెళ్లాను. పక్షుల ఫోటోల కోసమని చెప్పాను. నిజానికి పక్షులనే తీశాను. భారతిని ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. ధైర్యం చాలలేదు. దాన్ని నేను సంస్కారం అనుకునేవాణ్ణి.

బకెట్టు పట్టుకెళ్లడానికి వచ్చి, కెమెరా తెర మీద నేను తీసింది చూసింది.

"ఇది కొంగా, మంచా?"

"వింటేజ్ లుక్ అండి. ఇప్పుడు సిటీల్లో దీనికే డిమాండు."

"మా నాయనమ్మకి కళ్లలో శుక్లాలొచ్చినప్పుడు ఇలగే కనిపించేదంట. పాపం, అది వింటేజ్ అని తెలీక ఆపరేషను సేయించీసేం."

ఆ మాటతో నేను తగ్గలేదు. వారం వారం వచ్చి, ఆ లెన్సుకి ఏ వేళ ఎండ పడుతుందో, ఎంత తిప్పితే ఎక్కడ పదును వస్తుందో నేర్చుకున్నాను. సూర్యుణ్ణి వీపుకి పెట్టుకుంటే ఫంగస్ కొంత నోరు మూసుకునేది. సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం, కొంగపిల్ల నోరు తెరిస్తే తల్లి మేత పెడుతున్న ఫోటో ఒకటి శుభ్రంగా వచ్చింది. భారతి దాన్ని చాలాసేపు చూసి, రిపోర్టులో పెట్టుకుంటానని అడిగింది. కింద నా పేరు రాస్తానంది. ఆనాటినుంచి ఆమె బకెట్టు తీసుకుని వెంటనే వెళ్లిపోయేది కాదు. తాడు అటు ఆమె, ఇటు నేను. ఏ గూట్లో ఎన్ని గుడ్లో చెప్పేది, ఏ గూడబాతు మొగుడు సోమరో చెప్పేది. అన్నీ గుసగుసగానే. ఆమె గొంతు పెంచితే ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు.

నేను మాత్రం ఒక్కటే చెప్పలేకపోయాను. వచ్చే ఆదివారం చెబుదామనుకునేవాణ్ణి. పిల్లలు ఎగిరేదాకా ఆదివారాలకి కొదవ లేదనుకునేవాణ్ణి.

మాఘమాసంలో భారతి తండ్రి జగన్నాధంగారు ఫోను చేశారు. నేను పులకించాను. ఆయన చెప్పింది విన్నాక పులకింత దిగింది. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం చేసే కుర్రాడి సంబంధం వచ్చిందట. పెళ్లికొడుకు తల్లి ముందు ఫోటో పంపమందట. నాకన్నా తెలిసిన ఫోటోగ్రాఫరు ఇంకెవరున్నారు, వచ్చి తియ్యమన్నారు. కుదిరితే వైశాఖంలో పెళ్లి చేసేస్తామన్నారు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. పొద్దున్నకి ఒక నిర్ణయానికొచ్చాను. మగాడైతే వెళ్లి మనసులో మాట చెబుతాడు. నేను ఫోటోగ్రాఫర్ని కాబట్టి ఫోటో చెడగొడదామనుకున్నాను.

చెడగొట్టడంలో నాకు శ్రద్ధ ఎక్కువ. మంచి లెన్సు ఇంట్లో వదిలేశాను. ఫంగస్ లెన్సుకి టూ ఎక్స్ తగిలించాను. సాయంత్రం అయిదున్నర దాకా కాలక్షేపం చేసి, వాళ్ల పెరట్లో భారతిని సరిగ్గా సూర్యుడికి అడ్డంగా నిలబెట్టాను. ఎదురెండ లెన్సులోకి పడితే ఫంగస్ విజృంభిస్తుంది, టూ ఎక్స్ దాన్ని రెండింతలు చేస్తుంది. ఇక ముక్కూ మొహం కనిపించవు. ఆ గొట్టంతో నడుందాకా పట్టాలంటే ముప్పై అడుగులు వెనక్కెళ్లాలి. వెళ్లాను. వాళ్ల గడ్డిమేటుకి ఆనుకున్నాను.

"అంత దూరమెల్లిపోతన్నావేటి బాబూ, పక్కూరినించి తీస్తావేటి?" అన్నారు జగన్నాధంగారు.

"టెలి అండి" అన్నాను. ఇంగ్లీషు మాట విని ఆయన తృప్తిపడ్డారు.

భారతి పట్టుచీర కట్టుకుని, తననెవరో లెక్కపెడుతున్నట్టు కదలకుండా నిలబడింది. నావైపు చూడమన్నాను. చూసింది. అంత దూరంనుంచి కూడా ఆ చూపుకి నా చెయ్యి వణికింది. అదీ మంచికే, ఫోటో ఇంకాస్త కదులుతుందనుకున్నాను.

స్టూడియోకొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. కనురెప్పలు లేవు, నగల అంచులు రెండేసి కనిపిస్తున్నాయి, జుట్టు చుట్టూ తెల్లటి పొగ. ఏ లెక్కన చూసినా అది ఫోటో కాదు. హాయిగా నిట్టూర్చి జగన్నాధంగారికి వాట్సాప్ చేశాను.

ఒక్క విషయం మరిచిపోయాను. పెళ్లిసంబంధాల ఫోటోలు ఎవరూ కంప్యూటర్లో చూడరు. నాలుగు వేళ్ల వెడల్పు ఫోనులో చూస్తారు. అంత చిన్న తెరలో ఫంగస్ కనబడదు, వణుకు కనబడదు. బంగారు రంగు వెలుగులో నిలబడ్డ ఒక అమ్మాయి మాత్రం కనబడుతుంది. గంట తిరక్కుండా పెళ్లికొడుకు తల్లి ఫోను చేసి, అచ్చం అమ్మవారిలా ఉంది, మాకు నచ్చేసింది అందట. జగన్నాధంగారు నాకు స్వీటుబాక్సు పంపించారు. తిన్నాను. ఏం చేస్తాను?

పెళ్లిచూపులు ఎలా జరిగాయో కూడా ఆయనే చెప్పారు, నన్ను మెచ్చుకుంటూ. పెళ్లికొడుకు తల్లి ఫోను భారతి మొహం పక్కన పెట్టి, అటూ ఇటూ మూడుసార్లు చూసిందట. చూసి, మంచిమనసుతోనే అందట, పిల్ల ఎండల్లో తిరిగి నల్లబడింది గాని, ఆ చెట్లకింద ఉద్యోగం మానేసి ఆర్నెల్లు నీడపట్టున ఉంటే ఫోటోలోలాగే అయిపోతుందని. పెళ్లికొడుకు తలూపాడట. వాళ్లకి ఇంకే కోరికా లేదట. జాతకాలు కూడా కుదిరాయట.

మర్నాడు పొద్దున్నే భారతి స్టూడియోకొచ్చింది. ఫోను నా టేబులు మీద పెట్టింది.

"ఇదెవరు?"

"మీరేనండి."

"నేనీవిణ్ణి ఎప్పుడూ సూడలేదు. మా ఇంట్లో అద్దం ఉన్నాది." స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంకో ఫోటో తియ్యి. నేనెలగున్నానో అలగే రావాల. నీ ఎలుతురు ఎత్తులేవీ వద్దు."

మామూలు లెన్సు పెట్టాను. దానితో తియ్యాలంటే నాలుగు అడుగుల దూరానికి రావాలి. తాడు దగ్గర ఇంతకన్నా దగ్గరగానే నిలబడేది గాని, టోపీ తీసిన ఆ మొహాన్ని నేనెప్పుడూ తలెత్తి తేరిపార చూడలేదు. ముక్కు మీద ఎండకి తోలు రేగి ఉంది. ఎడమ కనుబొమ్మ మీద గూడబాతు పిల్ల పొడిచిన మచ్చ ఉంది. కళ్లకింద నిద్రలేని చారలు. టోపీ కప్పినంత మేర నుదురు ఒక రంగు, కిందది ఇంకో రంగు. ఇంత అందమైన మొహానికా బూజుపట్టిన అద్దం అడ్డం పెట్టాను అని నామీద నాకే కోపమొచ్చింది. ఒక్కటే తీశాను.

తెర మీద చూసుకుంది. "ఆఁ, ఇది నేను" అంది. తరవాత తలెత్తి నన్ను చూసింది. "ఈ లెన్సు నీ దగ్గరున్నాదే. మరి ఆవేళ అదెందుకు పెట్టేవు?"

వింటేజ్ లుక్ అనబోయాను. "ఫోటో పాడవ్వాలని" అన్నాను.

"ఎందుకు?"

"పాడైతే వాళ్లు వద్దంటారని."

"వద్దంటే నీకేటి?"

స్టేషన్లో ఏదో గూడ్సు బండి వెళుతోంది. అది వెళ్లేదాకా ఆగుదామనుకున్నాను. గూడ్సు కదా, ఎంతకీ అవలేదు.

"వద్దంటే, మీరు ఆదివారం తాడు దగ్గరకి వస్తారని."

భారతి టేబులు మీది ఫోను చేతిలోకి తీసుకుంది. "అంటే నన్ను కురూపిని సేసి సంబంధం సెడగొట్టాలనుకున్నావు. ఆ సెడగొట్టడమైనా సరిగ్గా రానేదు" అంది. అప్పుడు కూడా గొంతు పెంచలేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. "మాటుంటే నోటితో సెప్పాల. ఇన్నాళ్లూ తాడవతల నిలబడి, ఆ గొట్టం పెట్టి అన్నీ నీ దగ్గరకి లాక్కుంటన్నావు. నువ్వు ఒక్క అడుగైనా ముందుకేసేవా?"

ఫోటో పంపించుకుని వెళ్లిపోయింది. దాన్ని పెళ్లికొడుకు తల్లికి పంపి, "ఇది నేను, ఆర్నెల్ల తరవాతా ఇలగే ఉంటాను" అని రాసిందట. పది రోజులకి జవాబొచ్చింది. కుదిరిన జాతకాలు కుదరలేదట.

జగన్నాధంగారు మా స్టూడియోకి వచ్చి నిలబడే కడిగేశారు. ఒకే పిల్లకి ఒకే నెల్లో రెండు మొహాలెలా వచ్చాయో చెప్పమన్నారు. ఒక ఫోటో సంబంధం తెస్తే ఇంకోటి తోలేసిందని, నాలాంటివాడు ఏ వృత్తిలో ఉన్నా ఊరికి అరిష్టమని అన్నారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు కాబట్టి తలొంచుకున్నాను.

చేపలు మాత్రం మానలేదు. అది దాలమ్మగారి శిక్ష, జగన్నాధంగారి చేతిలో లేదు. భారతి వచ్చి బకెట్టు పట్టుకెళ్లేది. ఒక్క మాట లేదు. ఫాల్గుణం వెళ్లేసరికి పిల్లలకి రెక్కలొచ్చేశాయి, ఇక మేత అక్కర్లేదన్నారు. రెండు ఆదివారాలు నేను స్టూడియోలో కూర్చుని గోడకేసి చూశాను. మూడో వారం దాలమ్మగారు కబురుపెట్టింది. పురుడెల్లిపోయింది, వచ్చి శిక్ష దింపుకోమంది.

వెళ్లేసరికి చింతచెట్లు బోసిగా ఉన్నాయి. ఊరంతా చెట్లకింద చేరింది. వెళ్లిపోయిన ఆడపిల్లల పేరు చెప్పి, పసుపూ కుంకుమా, చలిమిడీ పంచుతున్నారు. ఏటా పంచుతారట. భారతి పళ్లెం పట్టుకుని తిరుగుతోంది. నేను నా చోటుకి వెళ్లి నిలబడ్డాను, ఎప్పుడూ బకెట్టు పెట్టే చోట. కాళ్లు వాటంతటవే అక్కడ ఆగాయి. చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి. ఆ చోటునుంచి మొట్టమొదటిసారి, పక్షులు లేవు కాబట్టి, లెన్సు ఆమె మీదకి తిప్పాను.

మసగ్గా, కాస్త కదులుతూ, భారతి కనబడింది. సూటిగా నాకేసే చూస్తోంది. పెదవులు కదిలాయి. ఏమంటోందో వినబడలేదు. టూ ఎక్స్ మనిషిని దగ్గరకి తెస్తుంది గాని మాటని తేదు.

పళ్లెం పక్కవాళ్లకిచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

"తాడు తీసీసి తొమ్మిది రోజులైంది. ఇంకా అక్కడే నిలబడతావేటి?"

ఊరంతా తిరిగి నన్ను చూసింది. నేను కిందకి చూశాను. నిజమే, తాడు లేదు. అది ఇన్నాళ్లూ ఒరుసుకున్న గుర్తు మాత్రం మట్టిలో సన్నగా ఉంది.

జగన్నాధంగారు ఏదో అనబోయారు. దాలమ్మగారు ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండరా. పిల్ల పిలిసింది, ఆడు రావాల గదా." నాకేసి చెయ్యి ఊపింది. "రా నాయినా, సిచ్చ అయిపోయింది."

జగన్నాధంగారు చెయ్యి విడిపించుకున్నారు. తరవాత, ఓడిపోయిన మనిషిలా కాకుండా విసుగుపడ్డ మనిషిలా, "ఆ గొట్టం అక్కడ పడేసి రా" అన్నారు.

కెమెరా అక్కడే గట్టు మీద పెట్టేశాను. ఎనభై అడుగులూ నడిచాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, అది రాసుకోదగ్గ విషయం కాదు. భారతికి నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాను. కనుబొమ్మ మీద మచ్చ కనిపించింది.

"ఇప్పుడు సెప్పు" అంది.

చెప్పాను. గట్టిగానే చెప్పాను, ఊరంతా విన్నారు. పక్షులు వెళ్లిపోయాయి కదా.